మునిగిన ఊరిని మళ్లీ గీస్తే: జ్ఞాపకానికి, మనసు కుదుటపడటానికి కళ ఏ మేరకు పనికొస్తుంది?

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు బాగా అడుగంటినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ వైపు కృష్ణా, తుంగభద్ర తీరాల్లో పాత ఊళ్ల మొండిగోడలు, గుడి మెట్లు బయటపడుతుంటాయి. 1981లో ఆ ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవారు, వారి పిల్లలు వెళ్లి చూసివస్తారు. ఇది మా ఇల్లు, ఇది చావడి అని ఆనవాళ్లు పట్టే ప్రయత్నం చేస్తారు. వరద రాగానే ఆ గోడలూ కనపడవు. అలా కళ్లముందు నుంచి పోయిన చోటును కాగితం మీదో, బట్ట మీదో, నేల మీద ముగ్గుపిండితోనో మళ్లీ గీస్తే మనసుకు మేలు జరుగుతుందా? జరిగితే ఎలా?

ఈ ప్రశ్న ఇప్పుడు వేసుకోవడానికి కారణం ఉంది. 'ఆర్ట్ థెరపీ' అనే మాట రంగులద్దే పుస్తకాల అట్టల మీదా, వేసవి శిబిరాల కరపత్రాల మీదా, వృద్ధాశ్రమాల కార్యక్రమాల్లోనూ కనిపిస్తోంది. ఒకే మాట కింద కనీసం మూడు పనులు కలిసిపోతున్నాయి. మనసు తేలికపడటానికి బొమ్మ వేసుకోవడం ఒకటి. పదిమంది కూర్చుని పోయినదాన్ని గుర్తుచేసుకుంటూ చేసే సామూహిక కళ ఇంకొకటి. శిక్షణ పొందిన చికిత్సకుల దగ్గర జరిగే వైద్యపరమైన పని మూడోది. మొదటిదాని నుంచి మూడోదాని ఫలితం ఆశిస్తే నిరాశే మిగులుతుంది. మూడోది చేయాల్సిన చోట మొదటిదానితో సరిపెడితే హాని కూడా జరగవచ్చు.

సంక్షిప్తంగా

కళ మనసును కుదుటపరుస్తుందనడానికి ఆధారాలున్నాయి. అయితే అది 'లోపలిది కక్కేయడం' వల్ల జరుగుతుందన్న వాడుక నమ్మకానికి ఆధారం బలహీనం. జ్ఞాపకానికి ఒక ఆకారం, ఒక వరుస, దాని మీద మనిషికి కొంత అదుపు, పక్కన వినే మనుషులు దొరకడం వల్ల మేలు జరుగుతుందని చెప్పే ఆధారాలే గట్టివి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో శోకాలు, బతుకమ్మ, తండాల పాటలు, కుట్టుపని వంటి రూపాల్లో ఈ అంశాలు ముందునుంచీ ఉన్నాయి. తీవ్రమైన మానసిక వ్యాధులకు మాత్రం కళ వైద్యానికి తోడే, వైద్యానికి బదులు కాదు.

మాట పుట్టిన చోటు

ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు క్షయ వ్యాధితో శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేస్తూ తేరుకున్నాడు. తోటి రోగుల చేత కూడా వేయించాడు. 'ఆర్ట్ థెరపీ' అన్న పేరు 1942లో ఆయన పెట్టిందే. అమెరికాలో మార్గరెట్ నౌంబర్గ్, ఈడిత్ క్రామర్ ఈ పనికి రెండు దారులు వేశారు. బొమ్మ మనసులోని మాటను బయటపెడుతుంది, దాని ఆధారంగా చికిత్స చేయాలి అన్నది నౌంబర్గ్ దారి. బొమ్మ వేయడమే చికిత్స, వేసే క్రమంలోనే మనసు సర్దుకుంటుంది అన్నది క్రామర్ దారి. ఈ చర్చ ఇప్పటికీ తెగలేదు.

క్రామర్‌కు బొమ్మలు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ కథ ఈ రంగానికి పునాది వంటిది. నాజీలు యూదులను బంధించిన టెరెజీన్‌లో ఆమె పిల్లలకు రహస్యంగా చిత్రకళ నేర్పింది. 1944లో ఆమెను ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించి చంపేశారు. వెళ్లే ముందు ఆమె దాచిన పిల్లల బొమ్మలు సుమారు 4,500 బయటపడ్డాయి, ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. గీసిన పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. ఆ బొమ్మల్లో చాలావాటిలో ఉన్నవి పూలు, ఇళ్లు, చెట్లు, వదిలి వచ్చిన వీధులు. శిబిరం గీయమని ఆమె పిల్లలను ఒత్తిడి చేయలేదు. దశాబ్దాల తర్వాత వచ్చిన పరిశోధన కూడా దాదాపు అదే వైపు చూపుతోంది.

గుర్తుచేసుకోవడమంటే మళ్లీ కట్టడమే

జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువులా ఉన్నది ఉన్నట్టు బయటికి రాదని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనిషి దాన్ని కొంత కొత్తగా కడతాడు. 2000లో కరీమ్ నాదర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీనికి జీవశాస్త్ర ఆధారం ఇచ్చాయి. గట్టిపడిన భయం జ్ఞాపకాన్ని మళ్లీ తట్టిలేపితే అది కొంతసేపు మెత్తబడుతుంది, తిరిగి గట్టిపడాలంటే మెదడులో కొత్తగా ప్రోటీన్లు తయారవ్వాలి. మనుషుల్లో ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై వాదాలున్నా ఒక సంగతి స్థూలంగా స్థిరపడింది. జ్ఞాపకాన్ని ఏ పరిస్థితిలో, ఎవరి పక్కన, ఎంత ధైర్యంతో తలుచుకున్నామన్నది ఆ జ్ఞాపకం తర్వాత ఎలా ఉంటుందో కొంతవరకు నిర్ణయిస్తుంది.

మనసుకు తగిలిన పెద్ద గాయాల జ్ఞాపకాలకు ఇంకో లక్షణం ఉంది. అవి మాటలుగా కాకుండా వాసన, శబ్దం, ఒక దృశ్యం తునకలుగా వస్తాయి. గాయాన్ని తలుచుకుంటున్న కొందరు రోగుల మెదళ్లను 1990లలో పరిశీలించినప్పుడు మాటలను కూర్చే భాగంలో చురుకుదనం తగ్గినట్టు కనిపించింది. ఆ పరిశీలన చిన్నది, దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. అయినా 'నోట మాట రాలేదు' అన్న అనుభవానికి శరీరంలోనూ ఒక మూలం ఉండవచ్చని అది సూచించింది. మాట రాని చోట గీత, రంగు, మట్టి ముందు పనిచేసి, మాట ఆ తర్వాత రావచ్చన్న ఆలోచనకు ఇదొక ఆధారం.

గీయడం వల్ల జ్ఞాపకం బలపడుతుందనడానికి వేరే ఆధారం కూడా ఉంది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో 2016లో వెలువడిన ప్రయోగాల్లో, రాసుకున్న పదాల కంటే బొమ్మగా గీసుకున్న పదాలు ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ ఎంత బాగుందన్న దానితో నిమిత్తం లేదు. చెయ్యి కదలడం, కంటితో చూడటం, అర్థం ఆలోచించడం మూడూ ఒకేసారి జరగడమే కారణమని పరిశోధకులు వివరించారు.

'కక్కేస్తే పోతుంది' అన్న నమ్మకం

బాధనంతా ఒకేసారి బయటపెడితే భారం దిగిపోతుందన్న అభిప్రాయం బలంగా ఉంది. పరీక్షలో అది పెద్దగా నిలబడలేదు. అమెరికాలో జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ జరిపిన ప్రయోగాల్లో, మనసు బాగోలేని స్థితిలో ఉన్నవారిలో కొందరిని ఆ బాధనే గీయమన్నారు, కొందరిని సంబంధం లేని మరో వస్తువును గీయమన్నారు. రెండో గుంపు మనసు ఎక్కువగా తేలికపడింది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల్లోనూ అదే ఫలితం. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి అంతా ఒక్క విడతలో చెప్పించే పద్ధతిని సమీక్షించినప్పుడు, దాని వల్ల తర్వాతి మానసిక సమస్యలు తగ్గలేదనీ, కొందరిలో పెరిగి ఉండవచ్చనీ తేలింది.

అలాగని బాధ జోలికే పోకూడదని కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్‌బేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని గాయం గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత దిగులుపడింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిన సంగతినీ దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవారు వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. ఆయన తర్వాతి పరిశీలనల్లో 'ఎందుకంటే', 'ఇప్పుడు అర్థమైంది' వంటి మాటలు రోజురోజుకూ పెరిగినవారికి ఎక్కువ మేలు జరిగింది. నాలుగు రోజులూ ఒకే మాట రాసినవారికి అంత లాభం లేదు. మొత్తంమీద రెండు మార్గాలు కనిపిస్తాయి. అప్పటికప్పుడు ఊపిరి తీసుకోవడానికి దృష్టి మళ్లించే కళ పనికొస్తుంది. దీర్ఘకాలంలో జ్ఞాపకానికి వరుస, అర్థం ఇచ్చే కళ పనికొస్తుంది. ఏది ఎప్పుడన్నది ఎవరు చూసుకుంటారన్నదే అసలు ప్రశ్న.

శోకం, ఎంగిలిపూలు, ఢావ్లో

దక్షిణ తెలంగాణ పల్లెల్లో చావు ఇంట ఆడవాళ్లు శోకం తీసే పద్ధతిని ఈ వెలుగులో చూడాలి. బయటివారికి అది అదుపు తప్పిన ఏడుపులా వినిపిస్తుంది. దగ్గరగా వింటే దానికి కట్టు ఉంది. పోయిన మనిషిని వరుస పెట్టి పిలుస్తారు. ఆ మనిషి పడ్డ కష్టం, చేసిన పెళ్లిళ్లు, తవ్విన బావి, తీరని కోరిక ఒక్కొక్కటిగా వస్తాయి. ప్రతి చరణం చివర ఒకే రాగం సాగుతుంది. కొత్తగా వచ్చిన చుట్టం మెడ పట్టుకుని తన వంతు కలుపుతుంది, ఆ చుట్టానికి తెలిసిన సంగతి కథలో చేరుతుంది. కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చి 'ఇక ఊకో బిడ్డా' అని నీళ్ల చెంబు అందిస్తుంది. పెన్‌బేకర్ ప్రయోగంలో మేలు చేసినవన్నీ ఇందులో ఉన్నాయి. జరిగిన సంగతి ఉంది, బాధ ఉంది, వరుస ఉంది, ఆపే సమయం కూడా ఉంది. ప్రయోగంలో లేనిది, వినే గుంపు, ఇక్కడ అదనం. ఆ తర్వాత దినవారాల లెక్క ఉంటుంది కాబట్టి దుఃఖానికి మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే అవకాశమూ దొరుకుతుంది.

పెత్తర అమావాస్య నాడు పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. చనిపోయినవారిని తలుచుకునే రోజూ, పూలతో చేసే కళ మొదలయ్యే రోజూ ఒకటే. తంగేడు, గునుగు, బంతి వరుసలు వరుసలుగా పేర్చడం చేతికి పని, కంటికి క్రమం. చుట్టూ తిరుగుతూ పాడే పాటల్లో అత్తింటి కష్టం, దూరమైన అన్నలు, చిన్నతనంలో పోయిన ఆడపిల్లలు వస్తారు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు కాబట్టి తన బాధను తన పేరుతో చెప్పక్కర్లేదు. చికిత్సకులు ఎంతో ఓర్పుగా తయారుచేసే 'సురక్షిత దూరం' ఇక్కడ పాట కట్టులోనే ఉంది.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు పాడే ఢావ్లో కూడా ఈ కోవకే చెందుతుంది. పిల్ల తల్లినీ తండ్రినీ తండానూ పేరుపేరునా తలుస్తూ ఏడుస్తూ పాడుతుంది. ఇది పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునే కళ. ఏడవడానికి ఒక రూపం ముందే చేతికిచ్చి పంపే సమాజాలు ఇవి.

ఈ రూపాలు పలచబడుతున్నాయి. ముంబయి, పుణె వలసలు, వేర్వేరు ఊళ్లలో బతుకుతెరువు, మైకుల్లో రికార్డు పాటలు, చావు ఇంట శోకం తీయడం మోటుతనమన్న చిన్నచూపు అందుకు కారణాలు. నిపుణులతో కూడిన సేవ రాకముందే ఊరి దగ్గరున్నది జారిపోవడం ఈ జిల్లాలకు నిజమైన నష్టం.

ముంపు ఊరి పటం: చేతిలో ఏం జరుగుతుంది

శ్రీశైలం ప్రాజెక్టుకు ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వంద దాకా ఊళ్లు, లక్ష మంది వరకు నిర్వాసితులయ్యారు. అప్పట్లో ముఖ్యమైన గుళ్లను విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపూర్‌కు చేరింది. జటప్రోలు, సోమశిల గుళ్లు కూడా తరలాయి. అంతకు ముందు నాగార్జునసాగర్ కింద మునిగే నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి బౌద్ధ కట్టడాలను కాపాడారు. ఇవి మెచ్చదగిన పనులు. ఇళ్లకు, చావడులకు, శ్మశానాలకు మాత్రం అటువంటి లెక్క, పటం, పునర్నిర్మాణం దక్కలేదు. నిర్వాసితులకు మిగిలింది నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో అమలు కోసం దశాబ్దాల తిరుగుడు, తలలో ఉన్న ఊరు.

ఇటువంటి చోట పెద్ద కాగితం పరిచి 'మీ ఊరు గీయండి' అంటే చాలామంది 'మాకు బొమ్మలు రావు' అని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. బొమ్మ అడగకుండా దారి అడిగితే పని సాగుతుంది. నది ఎటు? బొడ్రాయి ఎక్కడ? అక్కడి నుంచి మీ ఇంటికి ఎటు తిరగాలి? అప్పుడు వేలు కదులుతుంది. నది ఒక గీత, బొడ్రాయి ఒక చుక్క. దాని చుట్టూ చావడి, కోమటింటి అరుగు, పీర్ల కొట్టం, పోచమ్మ గుడి దగ్గరి వేపచెట్టు, రేవుకు దిగే బాట, పుట్టి ఆగే చోటు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటాయి.

దారి అడిగితే మాట రావడానికి మెదడులో కారణం ఉంది. చోటును గుర్తుపట్టడానికీ, జరిగిన సంగతులను గుర్తుపెట్టుకోవడానికీ హిప్పోక్యాంపస్ అనే భాగమే కీలకం. చోటును గుర్తించే కణాలను 1971లో కనుగొన్న జాన్ ఓకీఫ్‌కు 2014లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. రేవు బాట గీస్తుంటే ఆ బాట మీద జరిగినవన్నీ వెంట వస్తాయి. గీసేవారి చేతిలో అదుపు కూడా ఉంటుంది. ఇల్లు కూలగొట్టిన రోజు గురించి నేరుగా అడిగితే తప్పించుకునే వీలుండదు. పటంలోనైతే ఆ మూల వదిలేసి చెరువు గట్టు గీసుకోవచ్చు, ధైర్యం వచ్చినప్పుడు ఆ మూలకు రావచ్చు.

ఇద్దరు ముగ్గురు చేరగానే తగవు మొదలవుతుంది. మంచినీళ్ల బావి చావడికి తూర్పునా, పడమరనా? ఈ తగవును నిర్వాహకులు తొందరపడి తీర్చకూడదు. బార్ట్‌లెట్ చెప్పిన పునర్నిర్మాణం గుంపుగా జరుగుతున్న ఘడియ అది. ఒకరి జ్ఞాపకంలోని ఖాళీని ఇంకొకరు పూరిస్తారు, 'నేనొక్కడినే మోస్తున్నాను' అన్న భారం పంచుకున్నట్టవుతుంది.

అదే చోట జాగ్రత్త కూడా కావాలి. ఊరు అందరికీ ఒకటి కాదు. ఊరి నడుమ ఇల్లున్నవారు గీస్తే మాదిగవాడ కాగితం అంచున ఒక సున్నాగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ. ఆ వాడవారి చేతికి పెన్సిల్ ఇస్తే అక్కడ ప్రతి గుడిసె ఉంటుంది, తమను చేద వేయనివ్వని బావి కూడా ఉంటుంది. మునిగిన ఊరి మీద అందరికీ ఒకే రకమైన బెంగ ఉందనుకుని ఒకే పటం వేయించడం కొందరి గాయాన్ని రెండోసారి మూసిపెట్టడమే. వాడవాడకూ విడిగా గీయించి, ఆ తర్వాత పక్కపక్కన పెట్టడం మేలు.

కుట్టులో దాగిన సాక్ష్యం

చిలీలో 1973 సైనిక తిరుగుబాటు తర్వాత మాయమైనవారి తల్లులు, భార్యలు చర్చి అండతో కూర్చుని పాత బట్ట ముక్కలతో చిన్న చిత్రాలు కుట్టారు. వాటిని అర్పియేరా అంటారు. తలుపు దగ్గర నిలబడ్డ సైనికులు, ఖాళీ కుర్చీ, ఫొటో పట్టుకున్న ఆడవాళ్లు అందులో ఉండేవి. అవి మనసుకు ఊరట, కూలి డబ్బు, ప్రపంచానికి సాక్ష్యం మూడూ అయ్యాయి. అద్దాలు, గవ్వలు, దారాలతో నిండిన లంబాడీ కుట్టుపని వేరే స్వభావం గలది. అది సంఘటనల కంటే అలంకారాన్నీ గుర్తింపునూ చెబుతుంది. అయినా గుంపుగా కూర్చుని ఒకే కదలికతో గంటలకొద్దీ కుట్టడం, చూపు బట్ట మీద ఉండటం వల్ల ముఖం చూడకుండానే కష్టం చెప్పుకోగలగడం రెండింటిలోనూ ఉన్నాయి. కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవారికి రంగుల డబ్బాల కంటే తండాలో సూదీ దారమే దగ్గరి దారి.

ఆధారాలు ఎంత గట్టివి

గిరిజా కైమల్ బృందం 2016లో 39 మంది పెద్దవాళ్లకు 45 నిమిషాలు స్వేచ్ఛగా కళారూపాలు చేసుకునే అవకాశం ఇచ్చింది. వారిలో దాదాపు 75 శాతం మందికి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. ముందు అనుభవం ఉందా లేదా అన్న దానితో తేడా రాలేదు. పోల్చడానికి మరో గుంపు లేకపోవడం ఈ అధ్యయనం లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, ఆరోగ్యంలో కళలకు పాత్ర ఉందని చెప్పింది. ఆ అధ్యయనాల నాణ్యత మాత్రం ఒకేలా లేదు.

ఎదురు ఫలితాలూ ఉన్నాయి. స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందితో బ్రిటన్‌లో జరిపి 2012లో ప్రచురించిన పెద్ద పరీక్షలో సామూహిక ఆర్ట్ థెరపీ వల్ల చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. చాలామంది అసలు తరగతులకే సరిగా రాలేదు. తీవ్ర గాయానంతర ఒత్తిడికి వైద్య మార్గదర్శకాలు ముందుగా సూచించేది ఆ గాయంపైనే కేంద్రీకరించే మాటల చికిత్సలను. ఆత్మహత్య ఆలోచనలున్న రైతుకు, నిద్రపట్టని వలస కూలీకి బొమ్మల శిబిరం చాలదు.

జిల్లాల్లో ముందున్న పని

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్‌కు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆర్ట్, డ్యాన్స్ థెరపిస్టుల వృత్తిని 2021 నాటి అనుబంధ వైద్య వృత్తుల చట్టం తన జాబితాలో చేర్చింది. అంటే ఎవరు పడితే వారు ఆ పేరు పెట్టుకునే పరిస్థితి క్రమంగా మారాలి. ఈలోగా ఆశా కార్యకర్తలకు, బడి పంతుళ్లకు కావాల్సింది చికిత్స చేసే శిక్షణ కాదు. గీస్తున్న మనిషి బిగుసుకుపోతే పని ఆపడం, బొమ్మకు అర్థాలు తీయకపోవడం, ఎవరిని ఎప్పుడు వైద్యుడి దగ్గరికి పంపాలో తెలియడం వారికి ముఖ్యం. పిల్ల నల్లరంగు వాడితే దిగులుందని తేల్చేయడం వంటి సూత్రాలకు శాస్త్రంలో చోటు లేదు.

పాలమూరు-రంగారెడ్డి పథకం కింద ఉదండాపూర్, డిండి ఎత్తిపోతల కింద చర్లగూడెం వంటి జలాశయాల నిర్వాసితుల విషయంలో చేయగలిగింది ఇంకా ఉంది. శ్రీశైలం ఊళ్ల పటాలు నలభై ఏళ్ల తర్వాత తలల్లోంచి తీయాల్సి వస్తోంది. 1981లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి, అప్పటి ఇంటి పెద్దల్లో చాలామంది లేరు. కొత్తగా కదులుతున్న ఊళ్లలో ఈ పని జ్ఞాపకం తాజాగా ఉండగానే మొదలుపెట్టవచ్చు.

అందులో ఒక చిక్కు ముందే తేల్చుకోవాలి. ఇంటి కొలతలు, చెట్ల లెక్కలు పరిహారం కాగితాల్లో కూడా ఉంటాయి. గీసిన పటం అధికారి చేతికి వెళుతుందన్న అనుమానం వస్తే మనిషి గుర్తున్నది గీయడు, లెక్కకు పనికొచ్చేది గీస్తాడు. పరిహారం సర్వేకూ ఈ పనికీ మనుషులు వేరు, రోజులు వేరు, చోటు వేరుగా ఉండాలి. పటం గీసినవారిదే. ప్రదర్శనకు పెట్టాలన్నా, ఫొటో తీయాలన్నా వారిని అడగాలి, వద్దంటే మడిచి వారి చేతికే ఇచ్చేయాలి.